అందరికీ ఫుల్ పర్మిషన్: సటీకా తాత్పర్యం

అవతారిక

టీక రాయబూనినవాడు ముందుగా మూలకర్త ఎవరో, దేశకాలాలేమిటో చెప్పాలి. ఈ వాక్యానికి కర్త ఒక పుస్తక ప్రచురణ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే యువకుడు. దేశం ఆ ఆఫీసు వాట్సాప్ గ్రూపు. కాలం శనివారం రాత్రి, భోజనాల వేళ.

సందర్భం ఇది. డీటీపీ చేసేవాళ్ల దగ్గరా, ప్రూఫులు దిద్దే ఆవిడ దగ్గరా, అకౌంట్స్ ఆయన దగ్గరా విండోస్ ఉంది. ముఖచిత్రాలు వేసే డిజైనర్ మ్యాక్ తప్ప ముట్టడు. మూలన లినక్స్ సర్వర్, అందులో ఒక షేర్. డీటీపీ ఆపరేటర్ పెట్టిన పేజీలను ప్రూఫ్ రీడర్ తెరవగలదు, సేవ్ చేయలేదు. డిజైనర్ పెట్టిన బొమ్మను డిజైనర్ తప్ప ఎవరూ తెరవలేరు. అకౌంట్స్ ఆయన దాచుకున్న రాయల్టీ లెక్కలను మాత్రం టీ తెచ్చే కుర్రాడితో సహా అందరూ చూడగలరు. వారమంతా ఫిర్యాదులు విని విసిగిన మూలకర్త నోట ఈ వాక్యం వెలువడింది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి, మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీకలు రాశాడు. మన మూలంలో ఉన్నది తక్కువ, లేనిదే ఎక్కువ. కాబట్టి ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని పక్కన పెట్టక తప్పదు.

మూలం

“షేర్ ఫోల్డర్‌లో అందరికీ ఫుల్ పర్మిషన్ ఇచ్చేశాను. ఇంక ఎవరూ నన్ను అడగొద్దు.”

ప్రతిపదార్థం

షేర్ ఫోల్డర్‌లో = నెట్‌వర్కు ద్వారా పలువురకు కనబడునట్లు సర్వరు బయటపెట్టిన స్థలమునందు; అందరికీ = ఎవరెవరో మూలకర్తకే తెలియని జనసమూహమునకు; ఫుల్ = సంపూర్ణమైనట్టి, అనగా యంత్రమునకొక కొలత గలిగినట్టి; పర్మిషన్ = అనుమతిని; ఇచ్చేశాను = ఒకమారు ఇచ్చి చేతులు దులుపుకొంటిని; ఇంక = ఈ క్షణము మొదలుకొని; ఎవరూ = పై ‘అందరి’లో చేరినవారుగాని చేరనివారుగాని; నన్ను = ఈ పనికే జీతము పుచ్చుకొనుచున్న నన్ను; అడగొద్దు = అడుగరాదు.

అన్వయం

వాక్యం అర్థవంతం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కుదరాలని శాస్త్రం. ‘ఇచ్చేశాను’ అనగానే ఎక్కడ ఇచ్చావు, ఏ మార్గాన ఇచ్చావు అనే ఆకాంక్ష పుడుతుంది. మూలంలో జవాబు లేదు కనుక అధ్యాహారం చేసుకోవాలి: ‘సర్వర్ ముందు సర్వాధికారి అయిన రూట్‌గా కూర్చుని, అనుమతులు మార్చే కమాండ్ సీహెచ్‌మోడ్ మైనస్ పెద్ద ఆర్ 777 (అంటే అందరికీ అన్నీ) అని కొట్టి’. పదాలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి సన్నిధికి లోటు లేదు. కుదరనిది యోగ్యత. అది ఎందుకు కుదరలేదో మాటమాటకూ విప్పితేగాని తెలియదు.

టీక

1. ‘షేర్ ఫోల్డర్‌లో’

ఫోల్డర్ డిస్కు మీద ఉంటుంది, షేర్ నెట్‌వర్క్ మీద ఉంటుంది. రెండూ ఒకటేననడం లోకవ్యవహారం, వేరనడం శాస్త్రం.

విండోస్ యంత్రాలు ఫైళ్ల కోసం ఒకదానితో ఒకటి మాట్లాడే భాష ఎస్ఎంబీ. 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దానికి ఆద్యుడు. మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి పెద్ద చేసింది. యూనిక్స్ యంత్రాలకు అప్పట్లో ఆ భాష రాదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92 ప్రాంతంలో తీగల మీద పారే సందేశాలను కనిపెట్టి చూసి, వాటికి యూనిక్స్ నుంచి బదులు చెప్పే ప్రోగ్రామ్ రాశాడు. అదే సాంబా. ఎస్, ఎం, బీ వరుసగా వచ్చే మాట కోసం కంప్యూటర్‌లోని పదాల పట్టికను గాలిస్తే తగిలిన పేరది. మ్యాక్ కూడా 2013 నాటి మావెరిక్స్‌తో తన సొంత భాష ఏఎఫ్‌పీని వెనక్కి నెట్టి ఎస్ఎంబీని ముందుకు తెచ్చింది. అంటే మన ఆఫీసులో అందరూ ఒకే భాష మాట్లాడగలరు. తగాదా అర్థం దగ్గరే.

షేర్‌లోని ఫైల్‌ను చేరడానికి రెండు అనుమతులు కావాలి: షేర్‌ది ఒకటి, డిస్కు మీది ఫైల్‌ది ఒకటి. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ లోపలికి వదిలినంత మాత్రాన ఫ్లాట్ తాళం ఊడిరాదు. తాళంచెవి చేతిలో ఉన్నా వాచ్‌మన్ ఆపితే మెట్లెక్కేది లేదు. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్‌కు వెళ్లి కొత్త షేర్ పెడితే ‘ఎవ్రీవన్’కు దక్కేది చదివే హక్కే. సాంబాలో వేరే ఏమీ రాయకపోతే షేర్ ‘రీడ్ ఓన్లీ’. ఇక్కడ మరిచిపోయి డిస్కు మీద ఎన్ని ఏడులు కొట్టినా ప్రూఫ్ రీడర్‌కు ఒరిగేదేమీ లేదు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ శాఖల్లో మూడో కావలి కూడా ఉంది. ఎస్ఈలినక్స్ అనే ఆ కావలి, తగిన ముద్ర పడని ఫోల్డర్‌ను 777 ఉన్నాసరే సాంబాను తాకనివ్వదు.

శంక: షేర్ రాతకు తెరిచే ఉంది, ఫోల్డర్‌కు 777 కూడా ఉంది. అయినా లోపలికి పోనివ్వదేమండీ?

సమాధానం: ఆ ఫోల్డర్ ఎక్కడుంది నాయనా? నీ హోమ్ డైరెక్టరీలో. యూనిక్స్‌లో ఫోల్డర్ మీది ‘ఎక్స్’ బిట్‌కు అర్థం దాటిపోనివ్వడం. దారిలో వచ్చే ప్రతి ఫోల్డర్‌కూ అది ఉండాలి. ఉబుంటులో 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలకు 750 పెడుతున్నారు. ఓనరూ అతని గ్రూపూ తప్ప పరులు గడప దాటలేరు. లోపలి 777 దాకా చేరేవాడెవడు? విండోస్‌లో వ్యవహారం తారుమారు. పై ఫోల్డర్ మీద హక్కు లేకున్నా లోపలి ఫోల్డర్ చిరునామా తెలిస్తే నేరుగా తెరుచుకోవచ్చు. దారిలోని తనిఖీని తప్పించుకునే హక్కు అక్కడ మొదటినుంచీ ఎవ్రీవన్‌కు ఇచ్చే ఉంచుతారు. విండోస్ చదువు చదివి లినక్స్ సర్వర్ పెట్టినవాడు మొదట తడబడేది ఇక్కడే.

2. ‘అందరికీ’

ఈ మాట దగ్గర సంప్రదాయాలు మూడుగా చీలాయి.

యూనిక్స్ సంప్రదాయంలో ప్రతి ఫైల్‌కూ ఒక ఓనర్, ఒక గ్రూపు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఓనర్‌కు మూడు బిట్లు, గ్రూపుకు మూడు, ఇతరులకు మూడు, మొత్తం తొమ్మిది. ఇక్కడ ‘ఇతరులు’ అంటే ఓనర్ కాక, గ్రూపులోనూ లేక మిగిలినవాళ్లు మాత్రమే. నువ్వు గ్రూపులో ఉన్నావంటే తనిఖీ గ్రూపు బిట్ల దగ్గర ఆగిపోతుంది. ఇతరులకు ఎంత ఉదారంగా ఇచ్చినా నీకు రాదు. అందుచేత ఒక ఫైల్‌కు 707 పెడితే ముక్కూమొహం తెలియనివాడు దాన్ని తిరగరాయగలడు, సొంత గ్రూపువాడు చదవనైనా చదవలేడు. పరాయివాళ్లకు పెట్టి ఇంట్లోవాళ్లను పస్తుంచే ఈ అమరిక ఎవరికి పనికొస్తుందో చెప్పలేంగాని, శాస్త్రసమ్మతమే.

విండోస్ సంప్రదాయం 1993లో వచ్చిన ఎన్‌టీ 3.1తో మొదలు. అక్కడ తొమ్మిది బిట్లు కాదు, జాబితా. దాని పేరు ఏసీఎల్. ఎంతమంది పేర్లయినా, ఎన్ని గ్రూపులైనా అందులో ఎక్కించవచ్చు. మనిషికీ గ్రూపుకూ ఎస్ఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. పేరు మార్చుకున్నా అది మారదు. ‘ఎవ్రీవన్’ది మాత్రం చాలా పొట్టి, ఎస్-1-1-0. ఓనర్, ఓనర్ గ్రూపు, ఎదురింటివాడు అందరూ ఇందులోకే వస్తారు. విండోస్ ‘అందరు’ వేరు, యూనిక్స్ ‘ఇతరులు’ వేరు. మధ్యలో దుబాసీ సాంబా. తన దగ్గర ఖాతా లేని యూనిక్స్ యూజర్‌కు అది ఒక ఎస్ఐడీ కల్పిస్తుంది. 1000 నంబరువాడు విండోస్‌కు ఎస్-1-22-1-1000గా పరిచయమవుతాడు.

మూడోది నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే మరో భాష, ఎన్‌ఎఫ్‌ఎస్ సంప్రదాయం. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టింది. దాని మూడో వెర్షన్‌ను మామూలుగా నడిపే పద్ధతిలో పేర్లు లేవు, పాస్‌వర్డులు లేవు. ‘నేను ఫలానా నంబరు’ అని క్లయింటు చెబితే సర్వర్ నమ్ముతుంది. ఉబుంటు, డెబియన్‌లలో మొదటి యూజర్ నంబరు 1000. మ్యాక్‌లో 501. డిజైనర్ మ్యాక్ నుంచి ఈ మార్గాన పెట్టిన బొమ్మకు ఓనర్ 501. సర్వర్‌లో 501 అనేవాడు లేడు కాబట్టి ఆ బొమ్మ అనాథ. రెండు ఉబుంటు ల్యాప్‌టాప్‌లు ఉంటే రెండింట్లోనూ మొదటివాడు 1000. సర్వర్ దృష్టిలో ఇద్దరూ ఒకరే. అద్వైతం ఇంత సులభంగా మరెక్కడా సిద్ధించదు. సున్నా నంబరుగల రూట్ మాత్రం ఈ నమ్మకానికి బయట. రూట్ స్క్వాష్ అనే నియమం వల్ల సర్వాధికారి సర్వర్ చేరేసరికి ‘నోబడీ’ అయిపోతాడు, నంబరు 65534. తర్వాత వచ్చిన నాలుగో వెర్షన్ నంబరు బదులు పేరూ డొమైనూ పంపగలదు, విండోస్‌ను పోలిన జాబితాలూ తెచ్చింది. అలా పేర్లు పంపినప్పుడు రెండు వైపులా డొమైన్ పేరు ఒకటి కాకపోతే మాత్రం అందులోనూ అందరూ నోబడీలే.

3. ‘ఫుల్’

777 ఉన్న ఫైల్‌ను ఎవడైనా చదవగలడు, రాయగలడు, నడపగలడు. దాని అనుమతులను మాత్రం మార్చలేడు. అది ఓనర్‌కూ రూట్‌కూ మాత్రమే సాధ్యం. విండోస్ ‘ఫుల్ కంట్రోల్’లో అనుమతులు మార్చే హక్కూ ఉంది, ఓనర్‌షిప్ లాక్కునే హక్కూ ఉంది. అంటే ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇస్తే, నిన్న చేరిన కుర్రాడు ఇవాళ మేనేజర్‌నే ఫోల్డర్ బయట నిలబెట్టగలడు. రోజువారీ పనికి దాని కింది మెట్టు ‘మోడిఫై’ సరిపోతుంది. రాయడం, చెరపడం అందులోనే ఉన్నాయి.

శంక: ఫైనల్ ప్రూఫు ఫైల్‌కు 444 పెట్టాను, ఎవరూ దిద్దకూడదని. దిద్దలేదు సరే. ఫైలే లేకుండా పోయిందేం?

సమాధానం: యూనిక్స్‌లో ఫైల్‌ను తీసేయడమంటే ఫైల్‌ను ముట్టుకోవడం కాదు, ఫోల్డర్‌లోని పేర్ల పట్టికలో ఒక పేరు కొట్టేయడం. కాబట్టి రాసే హక్కు ఫోల్డర్ మీద ఉంటే చాలు. నీ ఫోల్డర్ 777. ‘టెంప్’ ఫోల్డర్‌కు 1777 పెట్టడం ఇందుకే. ముందున్న ఆ 1, స్టికీ బిట్. దానివల్ల ఫైల్ ఓనరో, ఫోల్డర్ ఓనరో, రూటో తప్ప మరొకరు తీసేయలేరు. విండోస్‌లో చెరిపే హక్కు ఫైల్ మీదే విడిగా ఉంటుంది; పై ఫోల్డర్ మీద ‘లోపలివాటిని చెరపవచ్చు’ అనే హక్కు ఉన్నా పని జరుగుతుంది.

ఫుల్‌లోని మూడో భాగం ‘ఎక్స్’. దీనిది వింత చరిత్ర. విండోస్ ఫైళ్లకు బ్యాకప్ కోసం ‘ఆర్కైవ్’ అనే గుర్తు ఉంటుంది. దాన్ని దాచడానికి యూనిక్స్ బిట్లలో చోటు లేక, పాత సాంబాలు ఓనర్ ఎక్స్ బిట్‌ను అద్దెకు తీసుకునేవి. ఫలితంగా విండోస్ నుంచి సేవ్ చేసిన రాయల్టీ లెక్కల ఎక్సెల్ షీటు లినక్స్‌లో ఆకుపచ్చగా, నడపగల ప్రోగ్రామ్ వేషంలో కనిపించేది. లెక్కలు నడవలేదు, వేషం మాత్రం మిగిలింది. ఇప్పటి వెర్షన్లు ఆ గుర్తును వేరే చోట దాస్తున్నాయి.

4. ‘ఇచ్చేశాను’

వాక్యానికంతటికీ ఆయువుపట్టు ఈ క్రియ. భూతకాలం. సీహెచ్‌మోడ్ ఆ శనివారం రాత్రి డిస్కు మీద ఉన్న ఫైళ్లన్నిటినీ తాకింది, నిజమే. సోమవారం పుట్టే ఫైల్ సంగతి? అది ఎవరి పోలికతో పుడుతుంది?

యూనిక్స్‌లో ఫైల్‌ను పుట్టించే ప్రోగ్రామ్ కొన్ని బిట్లు అడుగుతుంది. అందులోంచి యూమాస్క్ తన వంతు కోసేస్తుంది. అడిగింది 666, మాస్క్ 022 అయితే మిగిలేది 644. అంటే ఓనర్‌కు రాత, మిగతావాళ్లకు ఉత్త చదువు. సాంబా గుండా వచ్చే ఫైళ్లకు ‘క్రియేట్ మాస్క్’ అనే జల్లెడ. మూలకర్త ఏమీ రాయకపోతే అది 0744. గ్రూపుకు రాసే బిట్ అందులో లేదు. డీటీపీ ఆపరేటర్ ఫైల్‌ను ప్రూఫ్ రీడర్ తెరవగలగడం, సేవ్ చేయలేకపోవడం అనే అవతారికలోని చిక్కు ఇక్కడ విడింది.

ఇక పుట్టిన ఫైల్ ఏ గ్రూపుకు చెందుతుంది? పుట్టించినవాడి ప్రాథమిక గ్రూపుకు. ఉబుంటు, డెబియన్‌లలో ప్రతి యూజర్‌కూ తన పేరుతోనే ఒక గ్రూపు ఉంటుంది. అతనొక్కడే సభ్యుడు, అతనే అధ్యక్షుడు. అలాంటి గ్రూపుకు ఎంత అనుమతి ఇచ్చినా పక్కవాడికి చేరేదేమీ లేదు. దీనికి విరుగుడు ఫోల్డర్ మీది సెట్‌జీఐడీ బిట్. 770కి ముందు ఒక 2 చేర్చి 2770 అంటే, లోపల పుట్టే ఫైళ్లు ఫోల్డర్ గ్రూపునే పుచ్చుకుంటాయి. లోపలి ఫోల్డర్లు ఆ గుణాన్ని కూడా వారసత్వంగా తీసుకుంటాయి. విండోస్‌లో వారసత్వమే రివాజు. పై ఫోల్డర్ జాబితా పిల్లలకు దిగుతుంది. మ్యాక్‌లో 2005 నాటి టైగర్ నుంచి బిట్లూ జాబితాలూ రెండూ ఉన్నాయి. లినక్స్‌లోనూ జాబితాలున్నాయి. అవి ఆధారపడినది పోసిక్స్ ప్రమాణం కావలసి ఉండి, కాకముందే విరమించుకున్న ఒక ముసాయిదా మీద. ప్రమాణం కాలేదుగాని పని మాత్రం చేస్తోంది.

శంక: వారసత్వమంతా సరిచేశాను. పాత ఫైల్‌ను వర్డ్‌లో తెరిచి ఒక కామా దిద్ది సేవ్ చేస్తే, ఓనరే మారిపోయాడేం?

సమాధానం: వర్డ్, ఎక్సెల్‌లు ఉన్న ఫైల్ మీద రాయవు. పక్కన తాత్కాలికంగా ఒక కొత్త ఫైల్ రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి మిగలాలని ఈ ఏర్పాటు. నువ్వు సేవ్ అనుకున్నది సాంబా కంటికి జననం. చివరగా ఎవరు సేవ్ చేస్తే వారే ఓనర్. అనుమతులు పాత ఫైల్‌వి కావు, పుట్టుకతో వచ్చినవి. అందుకే పాత ఫైళ్లను ఎన్నిసార్లు సవరించినా, కొత్తవి పుట్టే పద్ధతి సరిగా లేకపోతే నాలుగు రోజులకు కథ మొదటికొస్తుంది.

శంక: ఒకే ఫైల్. కాపీ చేసి తెస్తే తెరుచుకుంది, కట్ చేసి తెస్తే తెరుచుకోలేదు.

సమాధానం: కాపీ అంటే కొత్త పుట్టుక, పుట్టిన చోటి ఆచారం వర్తిస్తుంది. ఒకే డిస్కులో జరపడమంటే బదిలీ. పాత ఊరి కాగితాలే వెంట వస్తాయి. ఈ ఒక్క విషయంలో యూనిక్స్, విండోస్ సంప్రదాయాలకు దాదాపు ఏకాభిప్రాయం.

5. ‘ఇంక ఎవరూ నన్ను అడగొద్దు’

ఇది నిషేధవాక్యం. యూనిక్స్ బిట్లలో నిషేధమనేది లేదు. ఇవ్వకపోవడమే అక్కడ నిషేధం. విండోస్‌లో ‘డినై’ అని బాహాటంగా రాయవచ్చు. డినై ఎప్పుడూ అలౌను ఓడిస్తుందని లోకంలో ఒక మాట ఉంది. అది సగమే నిజం. జాబితాను ఒక క్రమంలో చదువుతారు: ఫైల్ మీద నేరుగా రాసిన డినై, నేరుగా రాసిన అలౌ, ఆ తర్వాత పైనుంచి దిగిన డినై, దిగిన అలౌ. కాబట్టి ఫైల్ మీదే రాసిన అలౌ, తాత నుంచి దిగివచ్చిన డినైని గెలుస్తుంది. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుందని వ్యాకరణం చదివినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

‘ఇంక’ అన్న మాటకూ ఒక చిక్కుంది. గ్రూపులో చేర్చిన క్షణం నుంచే ఆ మనిషికి హక్కు రాదు. లాగిన్ అయినప్పుడు ఏయే గ్రూపుల్లో ఉన్నాడో అవే సెషన్ ముగిసేదాకా చెల్లుతాయి. లినక్స్‌లోనైనా విండోస్‌లోనైనా బయటికి వెళ్లి మళ్లీ రావాలి. పైగా విండోస్ ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు పేర్లతో వెళ్లనివ్వదు. వెళ్తే 1219 అనే ఎర్రర్ చూపిస్తుంది. ‘అడ్మిన్‌గా ఒకసారి తెరిచి చూద్దాం’ అనుకున్నవాడు, పాత కనెక్షన్ తెంచుకోకుండా చూడలేడు.

పాఠాంతరం

ఒకే ఫోల్డర్‌లో ‘ఫైనల్’ అనే పేరుతో రెండు ఫైళ్లు కనిపించాయనీ, ఒకటి తెరుచుకుంటే రెండోది తెరుచుకోలేదనీ ఒక ప్రతిలో ఉంది. ఇది అనుమతుల దోషంగా పలువురు పొరబడ్డారు. కారణం ఐత్వం. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే కోడుగానూ రాయవచ్చు, ఎత్వం కోడు తర్వాత మరో గుర్తు చేర్చి రెండు కోడులుగానూ రాయవచ్చు. చూపుకు తేడా ఉండదు. మ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు పేర్లను విడగొట్టి దాచుకునేవి. అక్కడినుంచి ఆ పేర్లను ఉన్నదున్నట్టు లినక్స్‌కు తెస్తే, బైట్లు మాత్రమే చూసే లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. దీనికి ఏ సీహెచ్‌మోడూ మందు కాదు, పేరు మార్చుకోవడమే.

దోషవిచారం

లక్షణానికి మూడు దోషాలు చెబుతారు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. మన మూలవాక్యంలో మూడూ ఉన్నాయి.

ప్రూఫ్ రీడర్‌కు అందవలసిన రాత అందలేదు, ఇది అవ్యాప్తి. సర్వర్‌లో లేని 501 నంబరువాడు ఓనర్ అయ్యాడు, ఇది అసంభవం. రాయల్టీ లెక్కలు ఊరందరికీ తెరుచుకున్నాయి, ఇది అతివ్యాప్తి. మొదటి రెండింటి మీద ఫిర్యాదులొస్తాయి. మూడోదాని మీద రావు. ఎక్కువ హక్కు వచ్చినవాడు ఎప్పుడూ అడగడు కాబట్టి, అడగొద్దు అన్న మూలకర్త కోరిక ఈ ఒక్కచోట నెరవేరింది. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ ఒక విండోస్ యంత్రంలో దూరితే, ఆ యూజర్ ఏయే షేర్లలో రాయగలడో అవన్నీ దాని చేతికి చిక్కుతాయి. 2017 మేలో పాత ఎస్ఎంబీ1 లోపం పట్టుకుని లోకమంతా పాకిన వానాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోనూ కొన్నింటిని పట్టుకుంది. అది దూరింది ప్రోటోకాల్ లోపంలోంచి, అనుమతుల్లోంచి కాదు. కాని అలాంటిది దూరాక షేర్లలో ఎంత పాడవుతుందో తేల్చేది ఎవరికెంత రాత ఇచ్చామన్నదే.

పూర్వపక్షం

‘ఇదంతా పెద్ద కంపెనీల గోల. పదిమంది లేని ఆఫీసులో 777 కొట్టేస్తే పని జరిగిపోతుంది’ అని కొందరు. పని జరిగితే మేమూ ఒప్పుకొందుము. జరగలేదు గదా. సోమవారానికి కొత్త ఫైల్ పుట్టింది, పాత గొడవ పుట్టింది. అందరికీ ఇవ్వడం తేలికమార్గమన్న నమ్మకమే తప్పు. ఆ మార్గంలో ప్రతి సోమవారమూ మళ్లీ ఇవ్వవలసి వస్తుంది.

సిద్ధాంతం

ఇవ్వవలసింది మనుషులకు కాదు, అందరికీ కాదు. పేరున్న ఒక గ్రూపుకు. ‘సంపాదకులు’ అని ఒక గ్రూపు, ‘లెక్కలు’ అని ఇంకొకటి. రెండింటికీ వేర్వేరు షేర్లు. ఎవరి హోమ్‌లోనో కాకుండా విడిగా ఒక ఫోల్డర్; దానికి ఆ గ్రూపు, 2770. సాంబాలో ‘వాలిడ్ యూజర్స్’ ఎదుట గ్రూపు పేరు, ‘రీడ్ ఓన్లీ’కి నో, క్రియేట్ మాస్క్‌కూ ఫోర్స్ క్రియేట్ మోడ్‌కూ 0660, డైరెక్టరీలకు 2770. పాత ఫైళ్లను ఒక్కసారి సవరించేటప్పుడు సీహెచ్‌మోడ్‌లో పెద్ద ఎక్స్ వాడాలి. అది ఫోల్డర్లకు ఎక్స్ ఇస్తుంది గాని, ఎక్స్ లేని ఫైళ్లను ప్రోగ్రామ్‌లు చేయదు. బ్యాకప్ మాత్రం ఈ గ్రూపుల చేతికి అందని చోట ఉండాలి.

ఆఫీసులో విండోస్ వాళ్లే ఎక్కువై, సున్నితమైన జాబితాలు కావాలంటే ఏసీఎల్_ఎక్స్ఆట్ర్ అనే మాడ్యూల్ పెట్టి, అనుమతులన్నీ విండోస్ సెక్యూరిటీ ట్యాబ్ నుంచే నడపవచ్చు. అప్పుడు లినక్స్ వైపు నుంచి ఎవరూ సీహెచ్‌మోడ్ కొట్టకూడదు. కొడితే, సాంబా దాచుకున్న జాబితాకూ డిస్కు మీది బిట్లకూ పొసగక ఆ జాబితా చెల్లకుండా పోతుంది. బిట్లో, జాబితాలో, ఏదో ఒకటి. రెండు చోట్ల నుంచి పాలించిన ఫోల్డర్ ఏ ఆఫీసులోనూ బాగుపడలేదు.

తాత్పర్యం

అనుమతి అనేది ఒకనాడు ఇచ్చి మరిచే వస్తువు కాదు. ఇంకా పుట్టని ఫైళ్ల కోసం ముందుగా రాసిపెట్టే నియమం. ‘అందరూ’ అన్నప్పుడు మూడు యంత్రాలు మూడు గుంపులను చూస్తాయి. గ్రూపు పేరు చెప్పినప్పుడు మూడూ ఒకే మనుషులను చూస్తాయి. ఇదే ఈ వాక్యం చెప్పబోయి చెప్పలేకపోయిన సంగతి.

ఫలశ్రుతి

దీన్ని చదివినవారికి పుణ్యం రాదు. ఆచరించినవారి ఆఫీసులో ప్రూఫ్ రీడర్ సేవ్ నొక్కితే సేవ్ అవుతుంది, డిజైనర్ బొమ్మ తెరుచుకుంటుంది, రాయల్టీ లెక్కలు అకౌంట్స్ గడప దాటవు. మూలకర్తను మాత్రం అడుగుతూనే ఉంటారు: కొత్తగా చేరినవాళ్లను గ్రూపులో చేర్చమనీ, ఉద్యోగం మానేసినవాళ్లను తీసేయమనీ. ఒక్కో దానికి ఒక్క కమాండ్, అర నిమిషం పని. ‘అందరికీ’ అని ఇచ్చినప్పుడు ఆ రెండో కోరిక ఎవరూ కోరరు, కోరినా తీర్చడానికి తీసేయవలసిన పేరంటూ ఎక్కడా రాసి ఉండదు.